గ్రామఫోను స్ప్రింగు: మార్చే ముందు

అటక మీంచి పాత గ్రామఫోను పెట్టె దించగానే ఎవరైనా మొదట చేసేది కీ తిప్పి చూడటం. హ్యాండిలు చేతికి బరువే తగలకుండా గిర్రున తిరిగిపోతే ‘స్ప్రింగు పోయింది’ అంటారు. బిగుసుకుపోయి కదలకపోయినా స్ప్రింగే పోయిందంటారు. పద్యం సగంలో గొంతు సాగిపోయినా అదే మాట. గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇలాంటి పెట్టెలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. వాటిని మళ్లీ పాడించాలనుకునే మనవలూ తయారవుతున్నారు. వాళ్లకు దొరికే సలహాలు నాలుగు రకాలు: కొత్త స్ప్రింగు తెప్పించు, విరిగిన కొసకు మళ్లీ కన్నం వెయ్యి, ఇంకో పెట్టెలోంచి పీకి పెట్టు, వెల్డింగు చేయించు. నాలుగో సలహాను ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు పదును చచ్చిపోతుంది. అతుకు నిలిచినా దాని పక్కనే ఇంకోచోట విరుగుతుంది. మిగిలిన మూడింటినీ తూకం వేసేముందు, అసలు పోయింది స్ప్రింగేనా అన్నది తేల్చుకోవాలి. నా లెక్కలో ఈ వ్యవహారంలో ఎక్కువ డబ్బు, ఎక్కువ పెట్టెలు వృథా అయ్యేది ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే.

ఈ నల్లరేగడి నేలల్లోకి ఇన్ని పెట్టెలు ఎలా చేరాయన్నదీ కొంచెం చెప్పుకోవాలి. దానికీ స్ప్రింగు అరుగుదలకూ సంబంధం ఉంది. గ్రామఫోను కంపెనీ 1908లో కలకత్తాలో రికార్డులు అచ్చువేసే కర్మాగారం పెట్టాక ప్లేట్లు విదేశాల నుంచి ఓడలో రావాల్సిన అవసరం తగ్గింది. 1930ల్లో మద్రాసు సరస్వతీ స్టోర్స్ ఒడియన్ రికార్డులు అమ్మేది. మనవైపు ఆ ప్లేట్లకు గిరాకీ తెచ్చింది నాటకం. తెనాలి చుట్టుపక్కల పద్యం రాగం తీయలేని ఊరు లేదన్న కాలం అది. బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావు సత్యభామ, సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య కృష్ణుడు, బాపట్ల తాలూకావాడైన బలిజేపల్లి లక్ష్మీకాంతం కవి రాసిన హరిశ్చంద్ర కాటిసీను. నాటక సమాజం ఊరికి ఏడాదికోసారి వస్తుంది, ప్లేటు మాత్రం రోజూ ఇంట్లో ఉంటుంది. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాన్ని ప్లేటు మీద వినీ వినీ నేర్చుకుని స్టేజీ ఎక్కినవాళ్లు జిల్లా అంతటా ఉండేవారు. నేర్చుకోవడమంటే ఒకే ప్లేటును పదిసార్లు వెయ్యడం, అంటే పదిసార్లు కీ ఇవ్వడం.

ఆ తర్వాత మైకుసెట్లు వచ్చాయి. 1950ల్లో కూడా పల్లెల్లో కరెంటు అరుదు. పెళ్లికి, సంబరానికి వచ్చే మైకుసెట్టులో ఆంప్లిఫయరు కారు బ్యాటరీ మీద నడిచేది. పళ్లెం తిప్పేది మాత్రం కీ మోటారే. చెట్టుకు కట్టిన హారన్‌లోంచి ఊరంతా వినబడే పాట వెనకాల ఒక కుర్రాడు కూచుని ప్లేటు ప్లేటుకూ ముల్లు మారుస్తూ, కీ ఇస్తూ ఉండేవాడు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు, అంటే గంటకు దగ్గరదగ్గర ఇరవై వైపులు. పెళ్లి రాత్రి అయిదు గంటలు పాడిందంటే ఆ స్ప్రింగు నూరుసార్ల దాకా ముడుచుకుని విప్పుకుంది. ఇంట్లో షోకుగా ఆదివారం పాడే పెట్టె స్ప్రింగుకు ఏడాదికి కూడా అంత పని ఉండదు. అందుకే పెట్టె ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ముందు అడగమంటాను. మైకుసెట్టువాళ్ల మోటారు అయితే స్ప్రింగు నిజంగానే అలసిపోయి ఉండొచ్చు. మోతుబరి రైతు ఇంటిది అయితే స్ప్రింగు మీద అంత తొందరగా నింద వెయ్యకూడదు.

మోటారు పనిచేసే తీరు తెలిస్తే అనుమానాలు సగం తీరతాయి. అంగుళం అటూఇటూ వెడల్పు, ముప్పాతిక మిల్లీమీటరు లోపు మందం, మూడు నాలుగు మీటర్ల పొడవు ఉన్న ఉక్కు పట్టీ ఒక గుండ్రటి డ్రమ్ములో చుట్టచుట్టుకుని ఉంటుంది. దాని లోపలి కొస నడిమి ఇరుసు కొక్కేనికి, బయటి కొస డ్రమ్ము గోడకున్న కొక్కేనికి తగిలించి ఉంటాయి. కీ ఇస్తే పట్టీ ఇరుసుకు బిగుస్తుంది. వదిలితే గోడ వైపు విప్పుకుంటూ డ్రమ్మును తిప్పుతుంది. ఆ తిరుగుడు పళ్లచక్రాల మీదుగా పెద్దదై పళ్లేన్ని నిమిషానికి 78 చుట్లు తిప్పాలి. ఎమిల్ బెర్లినర్ మొదటి గ్రామఫోన్లను చేత్తోనే తిప్పాల్సి వచ్చేది. అమెరికాలో కామ్‌డెన్ పట్టణపు మెకానిక్కు ఎల్డ్రిడ్జ్ జాన్సన్ 1896లో బెర్లినర్‌కు స్ప్రింగు మోటారు కుదిర్చిపెట్టాక గాని అది నిలకడగా పాడలేదు. తర్వాతి అరవై ఏళ్లలో ఎన్ని కంపెనీలు వచ్చినా, స్విట్జర్లాండ్ థోరెన్స్ అయినా, పేయార్ అయినా, ఇంగ్లండు గరార్డ్ అయినా మూలసూత్రం అదే.

ఇందులో తెలివంతా గవర్నరులో ఉంది. సన్నటి ఇరుసు చుట్టూ మూడు పల్చటి రేకులు, ఒక్కో రేకు నడుమ ఒక్కో సీసపు గుండు. ఇరుసు జోరందుకునేకొద్దీ గుళ్లు బయటికి విచ్చుకుంటాయి. దాంతో అదే ఇరుసు మీదున్న బిళ్ల జరిగి ఒక తోలు ముక్కకో ఉన్ని ముక్కకో ఒరుసుకుంటుంది, వేగం పెరగడం ఆగిపోతుంది. పళ్లెం పక్కనుండే స్పీడు మీట చేసేది ఆ తోలు ముక్కను ముందుకో వెనక్కో జరపడమే. అంటే స్ప్రింగు ఇచ్చే బలంలో పాటకు కావలసింది పోను మిగిలినదంతా ఆ తోలు ముక్క దగ్గర ఒరిపిడిగా ఖర్చయిపోతుంది. ఈ సంగతి తెలిసినవాడు ‘ఇంకా గట్టి స్ప్రింగు వేయించు’ అన్న సలహాకు నవ్వుతాడు. గట్టి స్ప్రింగు వేస్తే పాట వేగంగానూ రాదు, తియ్యగానూ రాదు. అదనపు బలాన్ని గవర్నరు తినేస్తుంది, ఆ పనిలో తోలు కాలిపోతుంది, పళ్లచక్రాలు అరుగుతాయి.

మరి గొంతు సాగడం మాటేమిటి? మన పద్యాల ప్లేట్ల దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పద్యం చదివేటప్పుడు మాటలు గబగబా నడుస్తాయి, చివర్న రాగం తీస్తారు. ఆ రాగం ప్లేటు లోపలి అంచు దగ్గర, అంటే స్ప్రింగు బాగా సడలిపోయే సమయానికి పడుతుంది. నిమిషానికి 78 ఉండాల్సిన పళ్లెం 73న్నర చుట్లకు దిగిందంటే శ్రుతి దాదాపు అరమెట్టు కిందికి జారుతుంది. మాటల్లో అంత తేడా వచ్చినా చెవికి పట్టదు. అదే నిలబెట్టి తీసిన షడ్జమం మీద అయితే హార్మోనియం తెలియనివాడు కూడా మొహం చిట్లిస్తాడు. అందుకే మనవైపు పెట్టెలకు ‘స్ప్రింగు పోయింది’ అన్న అపకీర్తి ఎక్కువ వచ్చిందేమో అనిపిస్తుంది. సినిమా పాట అయితే ఆ మాత్రం జారుడును వాద్యాలు కప్పేస్తాయి.

అయితే ఈ జారుడులోనే ఒక పరీక్ష కూడా దాగుంది. ముల్లు ప్లేటు బయటి అంచున ఉన్నప్పుడు పళ్లేన్ని ఎక్కువ లాగుతుంది. లోపలికి పోయేకొద్దీ కేంద్రానికి దగ్గరై ఆ లాగుడు తగ్గుతుంది. కాబట్టి మొదట్లో, పెద్ద గొంతు దగ్గర తడబడి తర్వాత సర్దుకునే మోటారుకు బేరింగుల్లో, గ్రీజులో, గవర్నరు తోలులో దోషం వెతకాలి. లోపలికి వెళ్లి పని తేలికైన తర్వాత కూడా చతికిలబడుతున్నదంటే అప్పుడు స్ప్రింగును అనుమానించాలి. హ్యాండిలు ఖాళీగా తిరిగిపోతే లోపలి కొస ఊడిందో విరిగిందో అనుకోవాలి. కాస్త బిగిసి ‘దబ్’మని జారిపోతుంటే బయటి కొస కొక్కెం వదిలేసి ఉంటుంది. కీ ఇస్తున్నప్పుడు కాక, పాడుతుండగా పెట్టెలోంచి ‘ధన్, ధన్’మని గుద్దినట్టు వినిపిస్తుంటే అది విరగడం కాదు. చుట్టకూ చుట్టకూ మధ్య గ్రీజు ఎండి అతుక్కుపోయింది. చుట్టలు వరసగా విడిపోవాల్సింది, నాలుగైదు ఒక్కసారిగా ఊడుతున్నాయి. ప్రతి గుద్దుకూ పళ్లచక్రాల పళ్లు దెబ్బ తింటాయి. ఆ పెట్టెను ‘పాడుతోందిగా’ అని వదిలేస్తే కొన్నాళ్లకు స్ప్రింగు బాగానే ఉండి చక్రం బోడిదవుతుంది.

గ్రీజు విషయంలో మన నేలకు సొంత బాధలున్నాయి. పాతరోజుల్లో కంపెనీలు చెప్పింది వేజలైనులో గ్రాఫైటు పొడి కలిపి పూయమని. చల్లటి దేశాలకు అది బాగానే ఉంది. రోహిణీకార్తెలో రెంటచింతల, మాచర్ల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద అటక మీద ఇంకా ఎక్కువ. ఆ వేడికి వేజలైను నూనెలా కరిగి డ్రమ్ము మూత సందుల్లోంచి కారిపోతుంది. పెట్టె అడుగున నల్లటి మరక కనబడితే అదే. లోపల మిగిలేది ఒట్టి గ్రాఫైటు పొడి, దాని మీద ఉక్కు ఉక్కును గీరుతుంటుంది. ఇక ఇంట్లోవాళ్లు మంచి మనసుతో పోసిన కొబ్బరినూనె, ఆముదం ఉంటాయి. అవి ఏళ్లు గడిచేసరికి తారులా గట్టిపడతాయి. బాపట్ల, చీరాల వైపు ఉప్పుగాలికి గ్రీజు లేనిచోటల్లా తుప్పు గుంటలు పడతాయి. తుప్పు గుంట పడిన చోటే స్ప్రింగు విరుగుతుంది. పత్తి ఇంట్లో పోసుకునే ఊళ్లలో ఇంకోటి: గవర్నరు ఇరుసుకు చుట్టుకున్న పత్తి పీచు. వేలితో పట్టుకుంటే దారంలా ఊడొస్తుంది. దాన్ని తీసేశాక మోటారు తనంతట తాను వేగం అందుకోవడం చూస్తే, కొత్త స్ప్రింగుకు ఆర్డరు పెట్టినవాడు తల గోక్కుంటాడు.

కాబట్టి మొదటి పని డ్రమ్ము విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, ఉక్కును వెలుతురులో చూడటం. ఇప్పుడు దొరికే ఎక్కువ వేడికి తట్టుకునే గ్రీజుల్లో మాలిబ్డినం కలిపినవి ఈ పనికి సరిపోతాయి. పల్చటి పొర చాలు, డ్రమ్ము నింపనక్కర్లేదు. కుట్టుమిషను నూనె గవర్నరు ఇరుసుకు, బేరింగులకు మంచిది, స్ప్రింగుకు పనికిరాదు. ఇంతవరకూ చేసినా పాడని మోటారుకే తర్వాతి చర్చ.

విప్పడం గురించి ఒక హెచ్చరిక. కీ మొత్తం దిగిపోయాక కూడా డ్రమ్ములోని స్ప్రింగు నిద్రపోయినట్టు నటిస్తుంది, అంతే. లోపల ఇరుకున కూర్చుని ఉంటుంది కాబట్టి మూత తీసి నడిమి కొసను బయటికి లాగగానే నాలుగు మీటర్ల ఉక్కు ఒక్కసారిగా గది నిండా విచ్చుకుంటుంది. దాని అంచులు చాకులాంటివి. తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, డ్రమ్మును గోనెసంచిలో పెట్టి ఒక్కో చుట్టనూ బొటనవేలితో ఆపుకుంటూ వదలాలి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు బయటి కొసను ముందు కొక్కేనికి తగిలించి, అంచు నుంచి నడుముకు చుట్టలు కూరుకుంటూ రావాలి. కొత్త స్ప్రింగులు తీగ కట్టుతో చుట్టచుట్టి వస్తాయి. కట్టు డ్రమ్ములో పట్టేంత చిన్నదైతే చుట్టను అలాగే దించి తర్వాత కట్టు కోస్తే సరిపోతుంది. పాతదాన్ని తీసే ముందే చుట్ట ఏ వైపు తిరిగి ఉందో ఫొటో తీసుకోండి. తిరగేసి పెడితే కొక్కెం అందదు, మళ్లీ అదంతా విప్పాలి. రెండు స్ప్రింగుల మోటార్లకు ఇదే పని రెండుసార్లు.

విరిగిన కొసకు కొత్త కన్నం వెయ్యడాన్ని పుస్తకాల పండితులు చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. మన ఊళ్లలో ఈ పెట్టెలు ఇంతకాలం పాడాయంటే గడియారాల రిపేరువాళ్లు, కమ్మరులు ఈ పని నేర్చుకోబట్టే. విడిభాగం కావాలంటే మద్రాసు పోవాల్సి వచ్చేది. మూర్‌మార్కెట్లో వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ మూర్‌మార్కెట్టు కూడా 1985లో కాలిపోయింది. స్ప్రింగు బయటి కొస దగ్గరే ఎక్కువసార్లు విరుగుతుంది, ఎందుకంటే కన్నం ఉన్నచోటే ఉక్కు బలహీనం. అక్కడ జానెడు పోయిందనుకోండి. మూడు మీటర్లలో ఇరవై సెంటీమీటర్లు తగ్గితే పొడవులో ఆరేడు శాతం నష్టం. ఒకవైపు పాట పూర్తి కావడానికి అది అడ్డు కాదు.

పని జరిగే తీరు ఇది. విరిగిన కొసను సమంగా కత్తిరించి, చివరి అంగుళాన్నర మాత్రమే స్పిరిట్ దీపం మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్లలో ముంచకుండా గాల్లోనే నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడు ఆ కొస మెత్తబడి డ్రిల్లు దిగుతుంది. మెత్తదనం ఒక్కసారిగా ఆగిపోకూడదు. మెత్తటి కొసకూ పదునున్న పట్టీకీ మధ్య నీలిరంగు నుంచి గోధుమరంగుకు దిగే ఒక పట్టె కనబడాలి. ఆ పట్టె ఎంత వెడల్పుగా ఉంటే స్ప్రింగుకు అంత ఆయుష్షు. కన్నం గుండ్రంగా కాక పియర్ పండు ఆకారంలో, వెడల్పు వైపు కొక్కెం దూరేలా, సన్నని వైపు పట్టుకునేలా ఆకురాయితో రాయాలి. తర్వాత కన్నం అంచును సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా చెయ్యాలి. తొందరపడేవాళ్లు వదిలేసేది ఈ చివరి పనినే. ఆకురాయి గీత ఒక్కటి మిగిలినా పగులు అక్కడ మొదలవుతుంది. లోపలి కొస విరిగితే ఇదే పని ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ పట్టీని ఇరుసు వంపుకు వంచాలి కూడా. అది చెయ్యగలిగినవాడు ఇవాళ అరుదు. నడుమ విరిగితే మాత్రం ఆశ వదులుకోవాలి. రెండు ముక్కలను రివెట్టుతో కలిపిన స్ప్రింగులు పాత మోటార్లలో కనిపిస్తాయి. అతుకు దగ్గర దళసరి పెరిగి చుట్టలు ఎగుడుదిగుడై ప్రతి తిరుగుడుకూ పాట ఎక్కిళ్లు పెడుతుంది.

కొత్త స్ప్రింగు కొనడం మంచి దారే, కొలిచి కొంటే. ‘హెచ్.ఎమ్.వి. పెట్టెకు’ అని అడిగి తెప్పిస్తే ఏది వస్తుందో దేవుడికెరుక. 1925లో వచ్చిన 101 పోర్టబులుకూ, 1931లో వచ్చిన 102కూ మోటారే వేరు. పైన ఒక కంపెనీ కుక్కబొమ్మ, లోపల ఇంకొకరి మోటారు ఉన్న పెట్టెలకు లెక్కలేదు. వెడల్పు డ్రమ్ము లోతుకంటే కొద్దిగా తక్కువుండాలి. మందం దగ్గరే ప్రమాదం. స్ప్రింగు బలం మందానికి ఘనంలో పెరుగుతుంది. 0.7 మిల్లీమీటర్ల పట్టీ బదులు 0.8 వేస్తే, కంటికి తేడా తెలియకపోయినా, బలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ బలం ఎక్కడికి పోతుందో పైన చెప్పాను. మైక్రోమీటరు లేకుండా స్ప్రింగు కొనేవాడు బట్ట కొలవకుండా చొక్కా కుట్టించుకున్నట్టే.

పొడవు సంగతి మరీ ఎక్కువమందికి తెలియదు. ఎక్కువ పొడవుంటే ఎక్కువసేపు పాడుతుందనుకుంటారు. కాదు. డ్రమ్ములో ఇరుసు పోను మిగిలిన ఖాళీలో సగం స్ప్రింగు, సగం ఖాళీ ఉన్నప్పుడే అత్యధిక చుట్లు వస్తాయన్నది గడియారాల వాళ్ల పాత సూత్రం. ఎక్కువ కూరితే చుట్టుకునే చోటు ఉండదు, తక్కువైతే చుట్టడానికి ఉక్కు ఉండదు. లెక్క సులువు: డ్రమ్ము లోపలి అడ్డుకొలతను దానితోనే గుణించి, ఇరుసు అడ్డుకొలతను దానితోనే గుణించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, 0.39తో గుణించి, మందంతో భాగించాలి. డ్రమ్ము 76 మిల్లీమీటర్లు, ఇరుసు 16, మందం 0.7 అనుకుంటే పొడవు 3.1 మీటర్లు వస్తుంది. అదే డ్రమ్ముకు 0.8 పట్టీ అయితే 2.7 మీటర్లే పడుతుంది. అంటే మందం పట్టీ వేసినవాడు బలం అక్కర్లేనిచోట పెంచి, పాడే సమయాన్ని తగ్గించుకున్నాడు. పాతది ముక్కలై దొరికినా ఆ ముక్కలన్నీ పారెయ్యకుండా కొలిస్తే చాలు, అందులోనే కొత్తదాని చిరునామా ఉంది.

ఇంకో పెట్టెలోంచి పీకి పెట్టడం మూడో దారి. ముంబయి చోర్‌బజారు, హైదరాబాదు జుమ్మేరాత్ బజారు లాంటిచోట్ల మోటార్లు దొరుకుతాయి. చెడిపోయిన పెట్టె చెదలు తిని, సౌండుబాక్సు పగిలి, పళ్లెం వంగి ఉంటే దాని స్ప్రింగు తీసి ఇంకోదాన్ని బతికించడంలో తప్పులేదు. కానీ దేశంలో ఇప్పుడు జరుగుతున్నది ఎక్కువగా తలకిందుల వ్యవహారం. మెరిసే ఇత్తడి కొమ్ము, కొత్త టేకు పెట్టె, మీద కుక్కబొమ్మ బిళ్ల పెట్టి ‘పురాతన గ్రామఫోను’ అని హోటళ్లకు, పర్యాటకులకు అమ్మే సరుకు ఉంది. వాటికి మోటార్లు కావాలి. ఆ మోటార్లు బాగా పాడే పాత పోర్టబుల్ పెట్టెల నుంచే వస్తాయి. పల్లెలో పదిమందికి పద్యం నేర్పిన నల్ల పోర్టబులుకు చూపులు ఉండవు కాబట్టి దాన్ని తుక్కు కింద కొంటారు. మోటారు పోతుంది, పెట్టె పోతుంది, దాంతో వచ్చిన ప్లేట్లు ఏ బండిలోనో పగిలిపోతాయి. ఈ కొమ్ముల పెట్టె ఎవరైనా మీకు అమ్మజూపితే పళ్లెం ఎత్తి మోటారు చూడండి. పెట్టె కొత్తగా, మోటారు పాతగా, మరలు కన్నాలకు అమరకుండా ఉంటే సంగతి తెలిసిపోతుంది. మన ఇళ్లలో ఉన్న పోర్టబుళ్లను స్ప్రింగు విరిగిందన్న మిషతో అలాంటివాళ్లకు అప్పజెప్పడమే ఈ మొత్తం విషయంలో నాకు నచ్చని పని. జానెడు ఉక్కు కొస విరిగినంత మాత్రాన పెట్టెకు ఆయువు తీరినట్టు కాదు.

స్ప్రింగు వేసినా, కన్నం వేసినా, ఒట్టి గ్రీజే మార్చినా చివర్న వేగం చూసుకోవాలి. గీతలున్న అట్ట పళ్లేలు దొరుకుతాయి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు కాబట్టి 77 గీతలున్నది తీసుకోవాలి, అమెరికాది 92 గీతలది ఇక్కడ పనికిరాదు. బల్బు వెలుతురులో గీతలు నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. కొన్ని ఎల్.ఇ.డి. బల్బుల కింద గీతలు తేలవు. అప్పుడు ప్లేటు కింద చిన్న కాగితం ముక్క దూర్చి 20 సెకన్లలో 26 సార్లు వస్తుందో లేదో లెక్కపెట్టొచ్చు. ముల్లు ప్లేటు మీద ఉండగానే లెక్కపెట్టాలి, ఒకసారి పద్యం మొదట్లో, ఒకసారి రాగం దగ్గర. రెండుచోట్లా 26 వస్తే డ్రమ్ము మూత మరలు గట్టిగా బిగించెయ్యొచ్చు.